రెండు వేళ్ళ గుడ్డ

చింతాద్రిపేట అంటే ఇప్పటివాళ్ళకు మౌంట్ రోడ్డు వెనకాల ఇరుకు వీధులు, చేపల మార్కెట్టు, మోటారు సామాన్ల కొట్లు, నెత్తి మీదుగా పోయే రైలు గుర్తొస్తాయి. మేమున్న రోజుల్లో ఆ రైలు లేదు. కూవం మాత్రం ఉండేది, పేటను వంక తిరిగి చుట్టుకొని, వానల్లో కాస్త నిండుగా, ఎండల్లో నల్లగా, వాసన పన్నెండు నెలలూ ఒకటే. ఆ పేట పుట్టిందే గుడ్డ కోసమని మా నాయన ఇంటికెవరొచ్చినా చెప్పేవాడు. 1734 ప్రాంతంలో కుంపిణీ వాళ్ళకు ఓడలకెత్తే గుడ్డ చాలక, సుంకురామ శెట్టి తోటను తీసుకొని, నేసేవాళ్ళను, వడికేవాళ్ళను, అద్దకం వాళ్ళను, చలవచేసేవాళ్ళను పిలిపించి అక్కడ కాపురాలు పెట్టించారట. మేము నెల్లూరి నుంచి వచ్చి చేరేనాటికి మగ్గాల చప్పుడు ఏనాడో పోయింది, ఆ చోట కుట్టుమిషన్ల చప్పుడు వినిపించేది. నేను చెప్పేది 1960ల మొదటి మాట. మిద్దె ఎక్కితే మౌంట్ రోడ్డున కొత్తగా లేచిన ఎల్.ఐ.సి. కట్టడం కనిపించేది, అంతకన్నా పొడుగైంది భూమ్మీద ఇంకోటి ఉండదని మా పిల్లలందరి నమ్మకం.

మాది పోర్షన్ల ఇల్లు. నడుమ వాకిలి, వాకిట్లో చేతిపంపు, వెనక వరసగా స్నానాల గదులు, వీధి వైపు గుమ్మానికి అటొకటి ఇటొకటి తిన్నెలు. ఎడమ తిన్నె మీద భాయ్ మిషను ఉండేది. ఇంటి ఓనరమ్మ ఆ తిన్నెకు తడికె కట్టించి, పైన రేకు వేయించి ఆయనకు అద్దెకిచ్చింది. ఆయన పేరు అమ్మకు తెలుసేమో గాని మాకెవరికీ అవసరం పడలేదు. పొద్దున్నే ట్రిప్లికేన్ నుంచి సైకిలు మీద వచ్చే భాయ్, అంతే. ఇంట్లో ఉర్దూ, వీధిలో అరవం, మాతో మా నెల్లూరి తెలుగు, మూడూ ఒకే గొంతుతో మాట్లాడేవాడు. ఆయన మిషను నల్లటి సింగరు, దాని మెడ మీది బంగారు రంగు పువ్వులు చెయ్యి తగిలి తగిలి సగానికి సగం చెరిగిపోయాయి. రాగానే మూత తీసి, చిన్న డబ్బాతో సందు సందుకూ బొట్టు బొట్టు నూనె పోసి, పాత గుడ్డముక్క ఒకటి పాదం కింద పెట్టి ఊరికే కొన్ని గీతలు కుట్టేవాడు, మిగిలిన నూనె దానికే పట్టాలని, గిరాకీ గుడ్డకు అంటకూడదని. ఆ నూనె వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టెలో నిప్పు రాజుకునే వాసన, కొత్త లాంగుక్లాతు గంజి వాసన, తడి చల్లిన గుడ్డ మీద ఇస్త్రీ పడగానే లేచే ఆవిరి వాసన, ఇవన్నీ కలిసి గుమ్మం దగ్గరికి వచ్చాయంటే మాకు బడివేళ అయిందని లెక్క. కార్తీకం వానల్లో మిషను తోలు బెల్టు సాగిపోయి చక్రం మీద జారేది. అప్పుడు భాయ్ ఒక కొస కాస్త కోసి, తీగముక్కతో మళ్ళీ బిగించేవాడు. మాకు ఆయన పెట్టిన పని గుండుసూదులు ఏరడం. చిన్న అయస్కాంతం చేతికిచ్చి తిన్నె కింద తిప్పమనేవాడు. దానికి కూలి ఖాళీ అయిన కోట్సు దారం కొయ్య రీలు. వాటికి పుల్లలు గుచ్చి బండ్లు చేసుకొని వాకిలంతా తోలేవాళ్ళం.

అప్పట్లో ఆడపిల్లకు పావడా కుట్టించాలంటే మూడేళ్ళు ముందుకు చూసి కుట్టించేవాళ్ళు. అడుగు అంచుకు పైన లోపలికి రెండు మడతలో మూడు మడతలో పెట్టి, విప్పడానికి సులువుగా పెద్ద కుట్టు వేసి ఉంచేవాడు భాయ్. ఈ సంక్రాంతికి ఒక మడత, మళ్ళీ సంక్రాంతికి ఇంకొకటి. విప్పిన చోట గుడ్డ ముదురు రంగుగా ఉండి, మిగతా పావడా వెలిసి, చుట్టూ ఒక గీత నిలబడేది. బడిలో అందరి పావడాల మీదా ఆ గీతలుండేవి. మధ్యాహ్నం గంట కొట్టాక చెట్టు కింద కూచొని, ఎవరు ఏ ఏడు ఎంత పెరిగిందీ ఆ గీతల మధ్య జానలు పెట్టి కొలుచుకునేవాళ్ళం. జాకెట్టు కొలతలకు పోతే అమ్మ ఒకటే మాట, “పక్కల రెండు వేళ్ళ గుడ్డ వదులు భాయ్.” ఆయన టేపు మెళ్ళో వేసుకొనే ఉండేవాడు గాని కొలత చాలావరకు కంటితోనే. “మూడు వేళ్ళు వదిలినానమ్మా, పాప బాగా తింటాది” అనేవాడు. ఆ మాట వినడానికే నేను అమ్మ కొంగు పట్టుకొని పోయేదాన్ని. పెరుగుతానని అంత గట్టిగా నమ్మి, ఆ నమ్మకాన్ని గుడ్డలో మడిచి కుట్టినవాళ్ళు నా చిన్నతనంలో ఇద్దరు, అమ్మ, భాయ్.

గుడ్డ ఇవ్వగానే భాయ్ అడిగే మొదటి ప్రశ్న “తడిపి తెచ్చినారా?” అని. పాప్లినైనా లాంగుక్లాతైనా అమ్మ రాత్రి బకెట్లో నానేసి, రంగు గుడ్డైతే ఒక గుప్పెడు గల్లుప్పు వేసి, మిద్దె మీద నీడన ఆరేసి, అప్పుడే కత్తెరకు ఇచ్చేది. కుట్టాక కుదించుకుపోతే ఎవరికీ ఏమీ చెప్పుకోలేం. గళ్ళ గుడ్డైతే మరీను, నానేసిన నీళ్ళు మూడో బకెట్టుకు గాని తేటపడేవి కావు. ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను, 1958లో అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ అనే బట్టల కంపెనీ ఈ మద్రాసు గళ్ళ గుడ్డనే తెప్పించి చొక్కాలూ కోట్లూ కుట్టి అమ్మితే, ఉతికినప్పుడల్లా రంగు దిగుతున్నదని కొన్నవాళ్ళు గోల పెట్టారట. ఆ తర్వాత రంగు దిగడాన్నే గొప్పగా చెప్పి అమ్మితే ఎగబడి కొన్నారట. మా వీధిలో ప్రతి తల్లికీ తెలిసిన సంగతి సముద్రాలు దాటి పోయి కథ అయిందని చదివి, అమ్మకు చెప్పాలనిపించింది. అప్పటికి అమ్మ లేదు.

నాయన జార్జిటౌనులో ఒక కంపెనీలో లెక్కలు రాసేవాడు. తెల్లచొక్కాలు. మెడ రాసుకునే చోట కాలరు మడత ముందుగా చివికేది. భాయ్ బ్లేడుతో కుట్టు విప్పి కాలరు మొత్తం ఊడదీసి, అడుగు వైపును పైకి తిప్పి మళ్ళీ కుట్టేవాడు, చొక్కాకు ఇంకో రెండేళ్ళు ఆయుష్షు. ఆ వైపు కూడా పోతే, ప్యాంటులోకి దూర్చుకునే వెనక భాగం నుంచి గుడ్డ కోసి కాలరు చేసి, అక్కడ ఏదో పాతముక్క అతికేవాడు, అతుకు ఎవరికీ కనపడేది కాదు. అది కూడా అయిపోయాక చొక్కా దిండు గలీబయ్యేది, గలీబు మసిగుడ్డయ్యేది, మసిగుడ్డ నాయన సైకిలు తుడిచే పేలికయ్యేది. చీర నడుమ చివికితే అమ్మ ఆ జానెడూ కోసేసి, రెండు ముక్కలూ కలిపి కుట్టించి, అతుకు కుచ్చిళ్ళలోకి పోయేట్టు కట్టుకునేది. అన్నకు ఖాకీ లాగులు బిన్నీ గుడ్డవి. పెరంబూరు వైపు బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులో నేసిన ఆ ఖాకీ అరిగేది తప్ప చిరిగేది కాదు, అరిగేది కూడా కూచునే చోట. అక్కడ భాయ్ లోపల ఒక ముక్క పెట్టి, నడుమ నుంచి మొదలుపెట్టి చుట్టూ చుట్టూ తిప్పుకుంటూ గుండ్రంగా కుట్టేవాడు. బడిలో బెంచీ మీద ఆ చుట్లు లేని పిల్లవాడు కనిపించడం అరుదు. పట్టుచీరకు చిరుగు పడితే మాత్రం భాయ్ చెయ్యి పెట్టేవాడు కాదు. ట్రిప్లికేన్లో ఒక ముసలాయన రఫ్ఫు చేసేవాడు, ఆయన దగ్గరికి పొమ్మనేవాడు. ఆ ముసలాయన చీర లోపలి అంచు నుంచే పోగులు లాగి, ఆ పోగులతోనే చిరుగు మీద మళ్ళీ నేసేవాడు. మరీ పనికిరానివి మూటగట్టి ఉంచితే, స్టీలు గిన్నెల బుట్ట నెత్తిన పెట్టుకొని “పాత బట్టలకు పాత్రలూ” అని పాడుతూ వచ్చే ఆమెతో అవ్వ పొద్దంతా బేరమాడి ఒక గ్లాసు సంపాదించేది. మా ఇంట్లో మొదటి స్టీలు గ్లాసులన్నీ ఒకప్పటి చొక్కాలే.

మా చిన్నత్త సంగతి చెప్పాలి. నాయన చెల్లెలు, చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. నెల్లూరిలో ఉంటే వంటింటి మూలకే పరిమితం అవుతుందని నాయన మద్రాసు తీసుకొచ్చి ఆంధ్ర మహిళా సభలో చేర్పించాడు. దుర్గాబాయమ్మ గారు 1937లో పెట్టిన సభ అది. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేసేవాళ్ళు, చేతిపనులు నేర్పేవాళ్ళు. చిన్నత్త అక్కడ కుట్టు నేర్చుకొని, పరీక్ష రాసి, నేను పుట్టేనాటికే సొంత సంపాదనపరురాలు. ఆమెది ఉషా మిషను, కొత్తది, ఆకుపచ్చ గుడ్డతో కప్పి ఉంచేది, దసరాకు దానికి పసుపు, కుంకుమ, ఒక మూర మల్లెపూలు. భాయ్‌కీ ఆమెకూ పోటీ ఏమీ ఉండేది కాదు. మగవాళ్ళ బట్టలు, పిల్లల బట్టలు తిన్నె మీద, పెద్ద ఆడవాళ్ళవి లోపల, అదొక ఒప్పందం. భాయ్ దగ్గర పని ఎక్కువైతే కాజాలు కుట్టడానికి చొక్కాలు లోపలికి వచ్చేవి. “అక్కా, ఇవి రేపటికి” అని తడికె పక్కనుంచే అనేవాడు. కాజా చేత్తో కుట్టాలి, దారం ముడి ప్రతిసారీ అంచు మీదే పడాలి, రెండు కొసల్లో గట్టి కుట్టు వెయ్యాలి. రాత్రి అన్నాలయ్యాక చిన్నత్త, అమ్మ, పక్క పోర్షను పిన్ని దీపం కింద కూచొని, కాజాలు కుడుతూ మాట్లాడుకునే మాటలు వింటూ నిద్రపోవడం మా పిల్లలకు అలవాటు. యంత్రాలంటే అంత పట్టింపు ఉన్న గాంధీగారు కూడా 1924లోనే సింగరు మిషను పనికొచ్చే వస్తువని మినహాయింపు ఇచ్చారని చిన్నత్త ఎక్కడో చదివింది. ఖద్దరు కట్టే ఆమెకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో ఆమె చెప్పలేదు గాని, ఎవరైనా “ఆడది మిషను తొక్కడమేమిటి” అంటే ఆ మాటే తీసేది.

మా వీధిలోనే ఇంకొకాయన వడపళనిలో సినిమా స్టూడియోలకు కుట్టేవాడు. రాజుల అంగీలకు కోయగా మిగిలిన వెల్వెట్టు ముక్కలు, జరీ పట్టీల కొసలు సంచిలో వేసుకొచ్చి పిల్లలకు పంచేవాడు. వాటితో చిన్నత్త బొమ్మల కొలువులో రాజూ రాణీ బొమ్మలకు దుస్తులు కుట్టేది. నెల్లూరిలో సంక్రాంతికి పెట్టే కొలువు, మద్రాసు వచ్చాక అందరితో పాటు దసరాకు పెట్టడం మొదలుపెట్టాం. మా బొమ్మల రాజు ఏ సినిమాలో ఏ రాజు గుడ్డ కట్టుకున్నాడో అని మేం కొట్లాడుకునేవాళ్ళం.

ఎండాకాలం సెలవులివ్వగానే పరుపులాయన వచ్చేవాడు. నెల్లూరి వైపు దూదేకులాయన, భుజాన ఆయనకన్నా పొడుగైన విల్లు, దాని తీగను వేలితో మీటుకుంటూ వీధిలోకి వస్తుంటే ఆ మోతకే ఇళ్ళ నుంచి పరుపులు బయటికొచ్చేవి. మా పరుపు నాయన పెళ్ళినాటిది. ఏడాదంతా పడుకొని పడుకొని నడుమ గుంట పడి, పిల్లలు పక్కలు తడిపిన చోట్ల గడ్డలు కట్టి ఉండేది. మిద్దె మీద దాని కుట్లు విప్పి, దూది పరిచి, ఒక పూట ఎండనిచ్చి, విల్లు తీగను దూదిలో పెట్టి కొయ్యగుండుతో కొడుతుంటే, గడ్డలు విడిపోయి, పాత దూది మళ్ళీ తెల్లబడి పొంగేది. పిల్లలెవరూ అటు రాకూడదు, వస్తే ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. దిండ్లు వేరే సంగతి. వాటిలో బూరుగు దూది, బోడినాయకనూరు నుంచి మద్రాసు కొట్లకు వచ్చేది. దానికి విల్లు పనికిరాదు, పుల్లతో మెల్లగా చిలకాలి, లేకపోతే ఇల్లంతా ఎగిరి, మర్నాడు చారులో కూడా కనిపిస్తుంది. కొత్త చారల గుడ్డలో దూది సమానంగా సర్ది, అంచులు కుట్టి, జానెడు దబ్బనంతో పైనుంచి కిందికి పొడిచి అక్కడక్కడా ముడులు వేసేవాడు, దూది ఒకవైపుకు పోకుండా. ఆ సాయంత్రం మడతపెట్టకుండా గదిలో పరిచిన పరుపు మీద మొదట దూకే హక్కు కోసం మాకూ అన్నకూ జరిగే యుద్ధం ఏటా ఒకటే, గెలిచేది మాత్రం అవ్వే. “నడుము నాది” అని ముందుగా పోయి పడుకునేది.

ఆ సెలవుల్లోనే నవారు మంచం విప్పి, నవారు ఉడకబెట్టి ఉతికి, ఆరేసి, నాయనా అన్నా చెరోవైపు కాలు తన్నిపెట్టి మళ్ళీ బిగించేవాళ్ళు. పడక్కుర్చీ గుడ్డ మారేది. దాని రెండు కొసల్లో కర్ర దూర్చడానికి భాయ్ వేసే కుట్టు నాలుగు వరసలు, “నాయన బరువుకు మూడు చాలవు” అనేవాడు. అవ్వ పాత నూలు చీరలన్నీ దొంతరగా పరిచి, చీర అంచుల నుంచి లాగిన దారంతోనే బొంత కుట్టేది. అవ్వకు మిషను కుట్టు ఆనేది కాదు. తన ముడి రైకలు కూడా చేత్తోనే కుట్టుకునేది. ఆ బొంతలో అమ్మ సీమంతం చీర ఎక్కడుందో, చిన్నత్త తెల్లచీర ఎక్కడుందో, చేత్తో తడిమి చెప్పేది. మద్రాసులో చలి ఎంతని, మార్గశిరంలో పది రోజులు. ఆ పది రోజులూ దాని కింద పడుకోవడానికి వంతులుండేవి.

దీపావళి ముందు మాత్రం భాయ్ మా భాయ్ కాదు. ఇద్దరు కుర్రాళ్ళు తోడు వచ్చేవాళ్ళు, తిన్నె చాలక వీధిలోకి బల్ల వేసేవాళ్ళు, తడికెకు బల్బు కట్టి రాత్రంతా కుట్టేవాళ్ళు. బయట వాన, లోపల మిషన్లు. పండగకు పది రోజుల ముందే “ఇంక గుడ్డ తీసుకోను” అని చెప్పేసేవాడు, మళ్ళీ ఎవరో పిల్లను చంకనేసుకొని వస్తే తీసుకునేవాడు. గోడౌన్ స్ట్రీటులో టోకు కొట్ల నుంచి ఇంటిల్లిపాదికీ ఒకే తాను తెచ్చే ఇళ్ళుండేవి. వాళ్ళ పిల్లలందరూ పండగనాడు ఒకే పువ్వుల గుడ్డలో వరసగా కనిపించేవాళ్ళు. మా బట్టలు ఎప్పుడూ ఆఖరికి, చతుర్దశి తెల్లవారుజామున. అమ్మ తలంటడానికి నూనె కాచి పిలుస్తుండగా, గుమ్మం దగ్గర భాయ్ దగ్గు. కళ్ళు ఎర్రగా, చేతిలో ఇస్త్రీ వేడి ఆరని మడతలు. అమ్మ వాటి మూలలకు పసుపు పెట్టి దేవుడి దగ్గర ఉంచేది. తర్వాత ఆయనకు కాఫీ, ఒక ఆకులో అరిసెలు. అదే వాకిట్లో రంజానుకు ఆయన ఇంటి నుంచి సేమ్యా పాయసం గిన్నె వచ్చేది. ఇందులో ఎవరికీ విశేషం కనపడేది కాదు.

తర్వాత టెరిలిన్ వచ్చింది. అది కుదించుకుపోదు, రంగు దిగదు, కాలరు చివకదు. భాయ్ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, “ఇది మనకు పని పెట్టదమ్మా” అన్నాడు. ఆ తర్వాత పాండీ బజారులో తగిలించి అమ్మే చొక్కాలు వచ్చాయి, పరుపుల్లోకి ఫోము వచ్చింది, విల్లు మోత ఏ ఎండాకాలంలో ఆగిందో ఎవరమూ గమనించలేదు. మేము వడపళని వైపు మారిపోయాం. సెలవుల్లో నాయన మమ్మల్ని తీసుకుపోయే మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది, బిన్నీ మిల్లు 1996లో మూతపడింది. చిన్నత్త డెబ్బై దాటాక కూడా ఇరుగుపొరుగు పిల్లలకు గౌన్లు కుట్టింది. ఆమె ఉషా మిషను ఇప్పుడు మా ఇంట్లో ఉంది, బెల్టు కొత్తది వేయించాను. 2015 డిసెంబరు వరదలు తీశాక మా వీధుల్లో గుట్టలు గుట్టలుగా పడేసిన ఫోము పరుపులు చూసినప్పుడు, దూదేకులాయన ఉంటే వీటి పక్కన ఏ పాత పరుపునైనా విప్పి ఎండలో పరిచి బతికించేవాడు కదా అనుకున్నాను.

ఇప్పుడు మా సందు మొదట్లో, అపార్ట్‌మెంటు గోడవార గొడుగు కింద, మోటారు తగిలించిన మిషనుతో ఒకమ్మాయి కూచుంటుంది. ఫాల్సు, పికో, ఆల్టరేషను, కర్టెన్లకు పట్టీ, సోఫా కవర్లకు జిప్పు, స్కూలు సంచీలకు పట్టా, అన్నీ చేస్తుంది. చిత్తూరు వైపు అమ్మాయి. మొన్న మా మనవరాలి కుర్తా ఒకటి తీసుకుపోయాను, కొని ఏడాది కాలేదు, పిల్ల పెరిగింది. పక్కలు వదులు చెయ్యమన్నాను. ఆమె తిరగేసి చూసి, ఓవర్‌లాక్ వేసిన అంచును గోటితో గీకి, “లోపల గుడ్డే వదల్లేదు కదమ్మా, విప్పితే ఏమొస్తుంది” అంది. కాసేపు ఇద్దరం ఆ కుర్తాను అటూ ఇటూ తిప్పి చూశాం. చేతులు పొడుగున్నాయి, మోచేతి దాకా కోస్తే రెండు పట్టీలు వస్తాయి, వాటిని చంక కింది నుంచి అంచు దాకా పక్కలకు వేస్తే మూడు వేళ్ళు వదులవుతుంది అని నేనన్నాను. ఆమె టేపు పెట్టి కొలిచి, సుద్దతో గీత గీసి, “ఎవురు నేర్పించినారమ్మా మీకు?” అని అడిగింది. చెప్పాను. గొడుగు కింద స్టూలు మీద కూచొని చాలాసేపే చెప్పాను, ఆమె హెమ్మింగు చేసుకుంటూ విన్నది. “గురువారం రండి” అంది. పిల్లను కూడా తీసుకు రమ్మంది, తొడిగి చూసి, ఈసారి పక్కల ఇంకాస్త గుడ్డ లోపల పెడతానంది.